వెనకనుంచి వచ్చిన కాలు

మహేశ్వర్‌ది ఎమ్మిగనూరు దగ్గర మెట్టపల్లె. సామ్సన్‌ది ఆదోని, పత్తి మిల్లుల వెనక వీధి. బడి రోజుల నుంచీ ఇద్దరూ ఆదోనిలో ఒకే జట్టుకు ఫుట్‌బాల్ ఆడారు. సామ్సన్ వెనక కాపలా కాసేవాడు, మహేశ్వర్ ముందుండి గోల్ కొట్టేవాడు. సామ్సన్ పొడుగ్గా తన్నిన బంతి ఎక్కడ పడుతుందో చూడకుండానే మహేశ్వర్‌కు తెలిసేది. అనంతపురం టోర్నమెంటులో ఇద్దరూ పెద్ద క్లబ్బుల కంట్లో పడ్డారు. మహేశ్వర్ కేరళకు పోయాడు, సామ్సన్ గోవాకు.

ఇద్దరికీ చోటు దొరికింది రిజర్వు జట్టులోనే. టీవీలో కనబడే అసలు జట్టులో ఎవరికైనా దెబ్బ తగిలితే తమకు పిలుపు వస్తుందని కాచుకొని ఉండే కుర్రాళ్ల జట్టది. అలాంటి జట్లకు దేశమంతటికీ కలిపి ఒక లీగు ఉంది. ఆ మ్యాచ్‌లకు జనం రారు. కోచ్‌లు మాత్రం మైదానం గీత పక్కన కుర్చీలు వేసుకొని కూర్చుంటారు. వాళ్ల చూపు ఎవరి మీద ఉందన్నదే అందరి ధ్యాస.

రెండో ఏడు ఆ లీగులో ఇద్దరి జట్లూ ఎదురుపడ్డాయి. ఎండలో సామ్సన్ పరుగెత్తుకొచ్చి మహేశ్వర్‌ను వాటేసుకున్నాడు.

"మీయమ్మ రొట్టెల్లోకి బుడ్డల పొడి పంపించిందంట గదరా, నాకేదీ?"

"మ్యాచ్ అయినంక ఇస్తాలేప్పా. ముందు ఓడిపో."

మొదటి సగంలో మహేశ్వర్ అతని కాళ్ల సందులోంచే బంతి తోసి గోల్ కొట్టాడు. సామ్సన్ జట్టు కోచ్ మైదానం గీత దాకా వచ్చి అరిచాడు. సామ్సన్ కాంట్రాక్టు ఆ ఏటితో అయిపోతుందనీ, ఇంకోసారి తనను వదిలితే ఇంటికి పొమ్మని ఆ కోచ్ అన్నాడనీ మహేశ్వర్‌కు అప్పుడు తెలియదు.

రెండో సగంలో మహేశ్వర్ మళ్లీ సామ్సన్‌ను దాటాడు. ముందు గోల్‌కీపర్ ఒక్కడే మిగిలాడు. అంతలో వెనకనుంచి వచ్చిన కాలు మోకాలికి తగిలింది. ఆ చప్పుడు కుర్చీల్లో ఉన్నవాళ్లకు కూడా వినబడింది. రిఫరీ ఎర్రకార్డు చూపించినా సామ్సన్ బయటికి పోలేదు. అక్కడే కూలబడి ఏడ్చాడు.

ఆపరేషన్ అయ్యాక, మోకాలు నడకకు పనికొస్తుంది గానీ ఆటకు పనికిరాదన్నారు డాక్టర్లు. మహేశ్వర్ ఇంటికొచ్చి ఎమ్మిగనూరులో శేషప్ప దుప్పట్ల అంగట్లో పనికి కుదిరాడు. ఆ అంగట్లో అందరూ పరుపు మీద మఠం వేసుకొని కూర్చుంటారు. అతని మోకాలు వంగదని శేషప్ప స్టూలు వేయించాడు. దుప్పట్లు కొనవచ్చిన వయసు మళ్లిన ఆడవాళ్లు కింద కూర్చుంటే తాను పైన కూర్చోవడం మహేశ్వర్‌కు సిగ్గుగా ఉండేది.

సామ్సన్ ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తలేదు. మరుసటి ఏడు సామ్సన్‌ను అసలు జట్టులోకి తీసుకున్నారు. ఆదోనిలో అతని ఫ్లెక్సీ కట్టారు. ఆ తర్వాత ఒక ఆదివారం అతను నేరుగా మహేశ్వర్ ఇంటికొచ్చాడు.

మహేశ్వర్ తల్లి సుంకులమ్మ అతనికి రొట్టె, పప్పు పెట్టింది.

"తినప్పా, బక్కసిక్కినావు."

సామ్సన్ ఒక్క రొట్టె ముక్క తుంచి పళ్లెం పక్కకు జరిపాడు. ఇద్దరూ చేని గట్టుకు పోయి కూర్చున్నారు.

"నన్ను తిట్టురా, కొట్టురా. మాట్లాడకుండా ఉండొద్దప్పా."

మహేశ్వర్ కంది చేను వైపే చూస్తూ అడిగాడు. "ఒకటే అడుగుతా, నిజం సెప్పు. బంతికి వచ్చినావా, నా కాలికి వచ్చినావా?"

"బంతికే అని అందరికీ సెప్పినా. మా నాయనకూ సెప్పినా, పాస్టరయ్యకూ సెప్పినా." సామ్సన్ మహేశ్వర్ మోకాలి వైపు చూశాడు. "ఇంగోసారి నిన్ను వదిల్తే ఇంటికి పొమ్మన్యాడు మా కోచ్. బంతి నాకందదని తెల్సురా. తెల్సే కాలేసినా."

సామ్సన్ కాలు ఎంత దూరం అందుతుందో మహేశ్వర్‌కు తెలియనిది కాదు. అయినా ఆ నోటితోనే వినాలనుకున్నాడు. తానే వెనక ఉండి, తననే ఇంటికి పొమ్మని ఉంటే ఏం చేసేవాడు? కాలు వెయ్యను అని తనకు తాను కూడా చెప్పుకోలేకపోయాడు.

"కోపం లేదప్పా. మళ్లా మాత్రం రావద్దు. నిన్ను సూస్తే నాకు ఆటంతా కండ్ల ముందరికి వస్తాంది."

సామ్సన్ తలవంచుకొని బస్సెక్కాడు.

ఆ శనివారం సాయంత్రం చెల్లెలు భారతి టీవీ పెట్టింది. "అన్నా, సామ్సనన్న ఆడతాండాడు!"

మహేశ్వర్ లేచి పోదామనుకొని పోలేకపోయాడు. ఎదుటి జట్టువాడు బంతితో వస్తున్నాడు. సామ్సన్ వాడి పక్కనే పరుగెత్తాడు. బంతి అందేంత దగ్గరలో ఉంది. కానీ కాలు చాపలేదు. వాడు దాటిపోయి గోల్ కొట్టాడు. తర్వాతి మ్యాచ్‌లోనూ అంతే. ఆపై సామ్సన్ బెంచీ మీద కనబడ్డాడు. కొన్నాళ్లకు బెంచీ మీద కూడా కనబడలేదు. రిజర్వు జట్టుకే తిప్పి పంపారని ఆదోనివాళ్లు చెప్పుకున్నారు.

మహేశ్వర్ అంగడి బయటికొచ్చి, అంత కాలానికి తానే సామ్సన్‌కు ఫోన్ చేశాడు.

"కాలెయ్యాల గదప్పా. బంతి అందేదే. నేను సూసినా."

"తెల్సు." అన్నాడు సామ్సన్. "కాలు రాలేదురా. బంతితో పోయే ప్రతివాడూ నువ్వే అనిపిస్తాండాడు."

లోపలినుంచి శేషప్ప పిలుస్తున్నా మహేశ్వర్ ఫోన్ చెవికి ఆనించుకొని అలాగే నిలబడ్డాడు.

ఆ వేసవిలో క్లబ్బు సామ్సన్‌ను పంపించేసింది. ఇప్పుడతను తండ్రితోపాటు ఆదోని మిల్లులో పత్తి బేళ్లు ఎత్తుతున్నాడు. ఆదోని నుంచి ఎమ్మిగనూరు బస్సుకు గంట దారి. ఇద్దరూ ఇంకా కలుసుకోలేదు.