జోసఫ్ పరస్థానం సంచి

సుందరి పనిచేసే బ్యాంకు వారు ఆమెకు ప్రమోషన్ ఇచ్చి, కోదండపాణికి ఎమోషన్ ఇచ్చారు. ఆఫీసరమ్మగా పైకి వెళ్లిన మనిషిని అంతటితో వదలకుండా, దేశపటంలో కూడా పైకి, ఆ ఈశాన్యం మూలకు, సిల్చార్‌కు పంపించారు. అది అస్సాంలో ఉందని తెలిసిన రోజున కోదండపాణి, తానే ఆ బ్యాంకు చైర్మన్ అయినట్టు, "అస్సామా? అస్సలు కుదర్దు" అని తీర్మానించాడు. ఊరి పేరు చివర చారు ఉంది గానీ ఊళ్లో చారు దొరుకుతుందా అని కూడా విచారించాడు. బ్యాంకు వారు ఈ అభ్యంతరాలను పట్టించుకున్న దాఖలా ఏదీ లేదు.

సుందరి భర్త జోసఫ్ ప్రొద్దుటూరులో లెక్కల ట్యూషన్ చెప్పే మాస్టరు. గోడకున్న బోర్డు పీకేసి భార్య వెంట బయల్దేరుతున్నాడు. కోదండపాణి అతనితో పాటు ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే దెబ్బలు తిన్నవాడు. పురోహితుల ఇంట్లో పుట్టి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా తేలాడు. పేరుకు కోదండపాణే గానీ పాణిలో కోదండం ఉండదు, పంచాంగం ఉంటుంది. అది చూడకుండా క్షవరానికి కూడా వెళ్లడు. జోసఫ్ ఆదివారం పొద్దున చర్చికి వెళ్తాడు, సాయంత్రమైతే ఏ వారమైనా కోదండపాణి ఇంటి వసారాలో టీ తాగుతాడు. ప్రొద్దుటూరులో పొద్దుపోవడానికి ఇద్దరికీ ఉన్న ఏర్పాటు అదొక్కటే.

ఇప్పుడు కోదండపాణికి కావలసిందీ ఒక్కటే. జోసఫ్ పోకూడదు. తప్పదంటే, పోయే ముందు "నిన్నిడిసిపెట్టి ఎట్లుండాలప్పా" అని ఒక్క మాట అనాలి. తను మాత్రం అనడు. ముందు తనే అంటే వాడు చచ్చేదాకా ఎగతాళి చేస్తాడు. జోసఫూ సరిగ్గా ఇదే లెక్కలో ఉన్నాడు. అసలే లెక్కల మాస్టరు.

కనుక కోదండపాణి ఆ మాట బదులు సెలవు పెట్టి, సామాను సర్దడానికి సాయం వచ్చాడు. వచ్చి, సాయంకాలం చేశాడు. సుందరి పొద్దున కట్టిన పెట్టెలన్నీ ఒక్కొక్కటే విప్పి, లోపలున్నది సరిగ్గా ఉందో లేదో చూశాడు. ఉంది. మళ్లీ కట్టడం మాత్రం తన వల్ల కాలేదు. కొత్తగా కొన్న అట్టపెట్టెలు అట్టే పెట్టి ఉన్నాయి.

"అన్నా, నువ్వు సర్దేదానికి వచ్చినావా, సోదా చేసేదానికి వచ్చినావా?" అంది సుందరి, నడుముకు కొంగు చుట్టుకుని.

"సంగటి తెడ్డు అడుగున పెట్టినావు గదమ్మా! రేపు ఆడ దిగంగానే ఏం పెట్టి కెలుకుతావు?"

"దిగంగానే సంగటే చేస్తానా? ముందు ఇల్లు దొరికే సంగతి చూడనీ."

"సంగతి తర్వాత, సంగటి ముందు," అన్నాడు కోదండపాణి. ఇలాంటి మాట ఒకటి పడితే ఆ పూటకు తన పని అయిపోయినట్టు అతను కుర్చీ లాక్కుని కూర్చుంటాడు. కూర్చున్నాడు. ఆ కుర్చీ కూడా ప్యాక్ చేయవలసిందే. జోసఫ్ చేతిలో గోనెసంచీ పట్టుకుని అతను లేచేదాకా పక్కనే నిలబడ్డాడు.

"లెయ్యప్పా. లేకుంటే నిన్నూ కలిపి కుట్టేస్తా."

"కుట్టు. నాకు టిక్కెట్టు ఖర్చన్నా మిగులుతాది."

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు సాగింది. ఆ తర్వాత ఇద్దరూ గోడ మీద బోర్డు పీకిన చోట మిగిలిన మేకుల్ని చూస్తూ ఉండిపోయారు. మాట అనడానికి అంతకన్నా మంచి అదను ఉండదు. ఎవరూ అనలేదు. సుందరి వచ్చి మేకులు కూడా పీకించింది.

సామాను బెంగుళూరుదాకా చేర్చే పని జమ్మలమడుగు అన్సర్ ఒప్పుకున్నాడు. వ్యాను మీద మూవర్స్ అని రాసుంది కాబట్టి కనీసం మూవురన్నా వస్తారని కోదండపాణి ఆశపడ్డాడు. వచ్చింది ఇద్దరు. అందులో ఒకడు అన్సరే. పేరుకు అన్సరే గానీ ఏం అడిగినా అతని దగ్గర ఆన్సర్ లేదు. బీరువా ఎట్ల దించుతావంటే ఆకాశం చూశాడు, అద్దం పగలదు కదా అంటే భూమి చూశాడు. అయినా దించాడు, పగల్లేదు. జవాబుల్లేని మనిషి పని ఇంత శుభ్రంగా చేయడం కోదండపాణికి బొత్తిగా నచ్చలేదు. చిన్న గాజు గ్లాసైనా పగిలుంటే, అపశకునమని చెప్పి ప్రయాణం ఓ వారం వాయిదా వేయించేవాడు.

శకునం కుదరలేదు కాబట్టి శూల పట్టుకున్నాడు.

"శనివారమా మీరు పోయేది? శనివారం తూర్పుకు శూల. పొయ్యేదానికి లేదు."

"ఇమానమెక్కేదానికి కారు పొయ్యేది పులివెందుల మీంద బెంగుళూరికి గదప్పా. అది ఈడికి పడమటి దిక్కు. శనివారం పడమటికి శూల లేదు," అన్నాడు జోసఫ్. ఇన్నేళ్లు ఒకే వసారాలో టీ తాగితే ఎవరి పంచాంగం ఎవరికి రాదు?

"కారుకు శూల లేదులే. మనిషికుంది. నువ్వు చేరేది సిల్చార్. అది తూర్పు. శూల చేరే చోటుకు చూస్తారు గానీ దోవలో టీ తాగే చోటుకు చూడరు."

"సోమవారం డ్యూటీలో చేరాలన్నా," అంది సుందరి. "మీ శూల మా బ్యాంకోళ్లకు తెలీదు."

ప్రయాణం ఆపడం కుదరదని కోదండపాణికి అర్థమైంది. ఆపలేనప్పుడు, క్షేమంగా పంపడమన్నా తన చేతిలో ఉండాలనిపించింది. అప్పుడు తీశాడు పంచాంగం అడుగున దాచిన అసలు ఆయుధం: పరస్థానం. మంచి ఘడియ ఒకనాడు, బయల్దేరే వీలు మరొకనాడు అయితే, ఆ ఘడియకు మనిషికి బదులు మనిషి సంచి గడప దాటుతుంది. దాన్ని తెలిసినవాళ్ల ఇంట్లో పెడితే, ఆ ఘడియకే ప్రయాణం మొదలైనట్టు లెక్క. అసలు రోజున దోవలో ఆగి, ఆ సంచి చేత పట్టుకుని వెళ్లిపోవాలి.

"మా ఇల్లు మీ ఇంటికి తూర్పునే ఉంది. గురువారం పొద్దున మంచి టైము. ఒక సంచి సర్ది తీసకరా. నువ్వు కట్టిన సంచి నువ్వే విప్పాల, ఇంకొకరు చెయ్యి పెట్టకూడదు."

"మేము ప్రార్థన చేసుకొని పోతామప్పా."

"చేసుకో. ఎవరొద్దన్యారు? అది పైనోడికి చెప్పేది. ఇది గ్రహాలకు చెప్పేది. ఆఫీసులు వేరే."

జోసఫ్ గురువారం పొద్దున స్నానం చేసి, ఓ గళ్ల సంచి చంకన పెట్టుకుని వచ్చాడు. కోదండపాణి దాన్ని తలుపు వెనక పీట మీద పెట్టించాడు. ఆ ఘడియ నుంచి, శాస్త్రప్రకారం, జోసఫ్ అస్సాం దారిలో ఉన్నాడు. దారిలో ఉన్న జోసఫ్ మాత్రం టీ తాగి ఇంటికి పోయాడు.

శనివారం పొద్దున కారు కోదండపాణి ఇంటి ముందు ఆగింది. కోదండపాణి భార్య మీనాక్షి పెరుగన్నం డబ్బా, చింతకాయ పచ్చడి, నిమ్మకాయలు పట్టుకుని బయటికొచ్చింది. సుందరి "వదినా" అంటూ ఆమె మెడ పట్టుకుని ఏడ్చింది. ఆడవాళ్లకు ఆ సదుపాయం ఉంది. మగవాళ్లిద్దరూ కారు టైరులో గాలి గురించి మాట్లాడుకున్నారు.

"ఎనక టైరు రవ్వంత తగ్గినట్టుంది."

"లేదులే, పొద్దున కొట్టించినా."

"ముద్దనూరులో ఇంకోసారి చూపించు."

"చూపిస్తా."

చెప్పుకోవడానికి నాలుగు టైర్లే ఉన్నాయి. స్టెప్నీతో కలిపి అయిపోయాక జోసఫ్ కారెక్కాడు. అప్పుడు కోదండపాణి కన్ను తలుపు వెనక్కి వెళ్లింది. పీట మీద గళ్ల సంచి అలాగే ఉంది. నోరు తెరిచాడు. తెరిచిన నోటితో, "జాగర్త" అన్నాడు. కారు కదిలింది, మలుపు తిరిగింది.

జీవితంలో మొదటిసారి శాస్త్రం చెప్పవలసిన చోట అతను శాస్త్రం చెప్పలేదు. సంచి ఉన్నంతసేపూ వాడు పూర్తిగా పోనట్టే కదా అని లోపల ఎవరో అన్నారు. ఆ అన్నవాడెవడో అతనికి బాగా తెలుసు. పలకరించకుండా వసారాలో కూర్చున్నాడు.

లోపల కసువూడుస్తున్న మీనాక్షి కేకేసింది. "ఏమండీ! అన్న సంచి ఈడనే ఉంది! మీ కండ్లెదురుగ్గానే గదా పోయినాడు!"

"మర్చిపోయినట్టుండాడు."

"ఆయన మర్చిపోతే మీరు గుర్తు చెయ్యల్యా? దాండ్లో బీపీ మాత్రలుంటే? ఆ మనిషి పొద్దునొకటి, రాత్రొకటి మింగుతాడు!"

ఈ మాటతో లోపలివాడు నోరు మూసుకున్నాడు. కోదండపాణి సంచి పైనుంచి తడిమి చూడబోయి చేయి వెనక్కి తీశాడు. కట్టినవాడే విప్పాలన్నది తనే కదా. ఫోన్ చేశాడు. మోగింది, ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మర్చిపోయింది దువ్వెన కాదు, తువాలు కాదు, మాత్రలు! ఆ ముక్క తలలో దూరాక మెట్ల మీది చెప్పులు కూడా కుడీ ఎడమా మార్చి తొడుక్కుని స్కూటరు తీశాడు.

సామాను వ్యాను ముందే పోయింది, వాళ్లు బాడుగ ఇచ్చేందుకు అన్సర్‌ను కలిసి పోతారని తెలుసు కాబట్టి ముందు జమ్మలమడుగు వెళ్లాడు. మే నెల ఎండ రోడ్డు మీద పెనం పెట్టింది. అన్సర్ షెడ్డు ముందు మంచం మీద పడుకుని ఉన్నాడు.

"జోసఫ్ వాళ్లు పోయినారా?"

అన్సర్ ఆకాశం చూశాడు.

"అన్సరూ, నీకు దండం పెడతా. ఒక్కసారి నోరు తెరువప్పా. మాత్రల సంచి ఇడిసిపెట్టి పోయినాడు."

అన్సర్ లేచి కూర్చున్నాడు. "ఇప్పుడే పోయినారు సామీ. పులివెందుల్లో పాప వస్తాదంట, ఆడ కాసేపు ఉంటామన్యారు." పాప అంటే కీర్తన, ఇడుపులపాయ హాస్టల్లో ఉండి చదువుకునే వాళ్ల కూతురు. అడిగిన దానికి ఆన్సర్ చెప్పిన అన్సర్ అలసిపోయి మళ్లీ పడుకున్నాడు.

ముద్దనూరు దాటేసరికి స్కూటరుకూ మనిషికీ ఒకే రకం దగ్గు పట్టుకుంది. పులివెందుల బస్టాండు దగ్గర ఓ టీ అంగడి ముందు ఆ కారు కనబడింది. లోపల బల్ల మీద కీర్తన తల్లి భుజాన తల ఆనించి కూర్చుంది. జోసఫ్ బయట గ్లాసు పట్టుకుని, వచ్చిన దారి వైపే చూస్తూ నిలబడి ఉన్నాడు. స్కూటరు చూసి ఆశ్చర్యపోలేదు. లోపలికి తిరిగి, "ఇంకొక టీ, చక్కెర తక్కువ," అని చెప్పాడు.

"ఫోనెందుకెత్తవు రా? ఇంద నీ సంచి. మాత్రలేసుకున్యావా?"

"మాత్రలు నా జేబులోనే ఉండాయి."

"మరి దీంట్లో ఏముంది?"

"ఇప్పి చూపిస్తా. కట్టినోణ్ణి నేనే గదా." జోసఫ్ సంచి ముడి విప్పి బెంచీ మీద పరిచాడు. ఓ పాత లుంగీ. తువాలు. టూత్ బ్రష్. చదివే కళ్లద్దాల రెండో జత. అడుగున ఓ స్టీలు గ్లాసు, కోదండపాణి ఇంటిదే. మీనాక్షి వారం నుంచీ పనిమనిషిని అనుమానిస్తున్న గ్లాసు.

కోదండపాణి వాటిని చూశాడు. వానలు కురిసే ఊరికి పోయేవాడు గొడుగు పెట్టుకుంటాడు, వానకోటు పెట్టుకుంటాడు. పలచని లుంగీ, టీ గ్లాసు పెట్టుకునేది స్నేహితుని ఇంట్లో రెండు రోజులుండేవాడు.

"నువ్వు మర్చిపోలేదు," అన్నాడు.

"నువ్వూ మర్చిపోలేదు. తలుపెనక చూసి నోరు తెరిచినావు. కారు అద్దంలో కనపడింది."

"జాగర్త అన్యా గదా."

"అన్యావు లే. నీ శాస్త్రం ఏమంటాది? సంచి యాడుంటే మనిషి ఆడికి చేరినట్టు లెక్క. ఆ సంచి మీ ఇంట్లోనే ఉంటే?"

లెక్కల మాస్టరు పాత శిష్యుణ్ణి బోర్డు దగ్గర నిలబెట్టినట్టు చూశాడు. కోదండపాణికి ఆన్సర్ తెలుసు. ఇంతదూరం వచ్చిన మాట ఇంత అడ్డదారిలో వచ్చింది కాబట్టి ఎవరు ముందన్నారో తేల్చడం ఇక ఎవరి తరమూ కాదు. అతను లుంగీ మడిచాడు, గ్లాసులో తువాలు కుక్కాడు, సంచి మళ్లీ కట్టాడు. వారమంతా చేసిన సాయంలో అతను చివరిదాకా సర్దింది ఆ ఒక్క సంచినే.

టీలు అయిపోయాయి. సుందరి బయటికొచ్చి స్కూటరును, సంచిని, ఇద్దరి మొహాలను చూసి, "ఏం మనుషులప్పా మీరు," అని మాత్రం అని కారెక్కింది. జోసఫ్ అద్దం దించాడు.

"అవునప్పా, శనివారం తూర్పుకు శూల గదా. ఇప్పుడు ఇంటికెట్ల పోతావు?"

"సంచి ముందర పోతాది. నేను దానెనకాల పోతా," అన్నాడు కోదండపాణి, స్కూటరు ముందు కొక్కేనికి సంచి తగిలిస్తూ.

కారు కదిరి వైపు, స్కూటరు ప్రొద్దుటూరు వైపు తిరిగాయి.

ఇంటికొచ్చేసరికి మీనాక్షి గుమ్మంలోనే ఉంది. సంచి చూసి నెత్తి కొట్టుకుంది. "అందలేదా?"

"అందినాడు. ఇచ్చినా. వద్దన్యాడు. మాత్రలు లేవు దాంట్లో, నీ గ్లాసుంది."

"నా గ్లాసా!" మీనాక్షి సంచి అందుకుని, స్టూలు జరుపుకుంది. "సరే, అటక మీద పెడతా, దారికడ్డం లేకుండా."

"అటక మీదనా?" కోదండపాణికి నిజంగానే కోపమొచ్చింది. "మనిషినెవరన్నా అటక మీద పెడతారా?"