తుమ్మచెట్టుకు కట్టిన కెమెరా

జీబ్రా. జీబ్రా. జిరాఫీ. ఖాళీ. రేణుక మౌస్ నొక్కుతూనే ఉంది. సకల జనుల సమ్మె, బస్సుల్లేవు. శేరిలింగంపల్లి నుంచి గచ్చిబౌలి ఆఫీసుదాకా నడిచొచ్చిన మడమలు మండుతున్నాయి.

ఆఫ్రికాలో ఏదో పార్కులో, నీటిగుంట పక్కన తుమ్మచెట్టుకు కట్టిన కెమెరా దానంతటదే తీసే ఫొటోలు ఇక్కడికొస్తాయి. అందులో ఏముందో, ఏమీ లేకపోతే 'ఖాళీ' అనో, జాబితాలో కొడితేగాని తర్వాతిది తెరుచుకోదు. డిగ్రీ సగంలో ఆపేసి పెళ్లిచేసుకుని జనగామ నుంచి వచ్చిన రేణుకకు నాలుగేళ్లుగా ఇదే కొలువు.

ఆ కెమెరాకు బ్యాటరీ మార్చే పార్కు గార్డు పేరు ఆమెకు తెలియదు. ఖాకీ చొక్కా, విరిగిన ముందుపన్ను. చొక్కా అంచుతో అద్దం తుడుస్తుంటే ముఖం తెర నిండా వచ్చేది. "వచ్చినవా అన్నా" అని గొణిగి మరీ 'మనిషి' అని కొట్టేది.

ఇవాళా వచ్చాడు. సైకిల్‌ను చెట్టుకు ఆనించి, అద్దం తుడిచి, ఎండిన గుంటవైపు నడిచాడు. తర్వాతి ఫొటోలో జింకలు చెల్లాచెదురుగా పరుగెడుతున్నాయి. ఆ తర్వాత గడ్డిచాటున ఆడసింహం. రేణుక గబగబా కొట్టసాగింది. సింహం. ఖాళీ. ఖాళీ.

"పార్థసారథి సార్, జర ఇటు రాండ్రి. గీన గుంటలకు దిగిండు, మళ్ల రాలే. ఎవలకన్న ఫోన్ చెయ్యుండ్రి."

సూపర్‌వైజర్ వంగి చూశాడు. "ఇవి ఎన్నో నెలల కిందటి ఫొటోలండి రేణుక గారూ. ఏం జరిగినా జరిగిపోయింది. కానివ్వండి."

జరిగిపోయిందంటే భయం పోతుందా? పోలేదు. కళ్లలో వత్తులు వేసుకుని కూర్చుంది.

భర్త రాజేందర్ ఫోన్ చేశాడు. కండక్టరు, సమ్మెలో ఉన్నాడు. "ధర్నా కాడికెల్లి ఇంటికొచ్చిన. నువ్వేంది, ఇంక బయల్దేరలే?"

"జరాగు. ఒకాయన ఇంక రాలే."

"ఎవలాయన?"

ఫోన్ పెట్టేసి మళ్లీ మౌస్ అందుకుంది.

ఖాళీ. నక్క. ఖాళీ. మనిషి! ప్రాణం లేచొచ్చింది. కానీ అది ఆయన కాదు. నలుగురున్నారు, టోపీలు చేతుల్లో ఉన్నాయి. తర్వాతి ఫొటోలో ఆ నలుగురూ దుప్పటిని నాలుగు కొసలా పట్టుకుని పోతున్నారు. దుప్పటి పెద్దగా కుంగలేదు. రేణుకకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే 'మనిషి' అని కొట్టింది.

తర్వాతి ఫొటోల్లో వానలు పడ్డాయి. గుంట నిండింది, జీబ్రాలు నీళ్లకొచ్చాయి. సైకిల్‌ను మాత్రం ఎవరూ తీసుకెళ్లలేదు. జీబ్రాలు కూడా వెళ్లిపోయిన ఫొటో ఒకటి తెరమీదికొచ్చింది. సైకిల్‌కు కొట్టడానికి జాబితాలో పేరు లేదు, 'ఖాళీ' అని కొట్టడానికి వేలు రాలేదు. చెట్టుకు ఆనుకుని అది అలాగే ఉంది, చక్రాల్లో సగందాకా పచ్చగడ్డి మొలిచి.