రేవులో కాగితం పడవలు

గ్లోబు టీచరమ్మ అంటే ఆ బడిలో తెలియని పిల్ల లేదు. సోషల్ చెప్పడానికి ఏ క్లాసుకి బయలుదేరినా చంకలో గ్లోబు ఉండాల్సిందే, అందుకని ఆ పేరు. పిల్లలు చాటుగా పిలుచుకుంటున్నా ఆవిడకి తెలుసు, తెలిసి లోలోపల మురిసిపోయేది కూడా. ఏ దేశం పక్కన ఏ దేశం ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. ఎవరూ అడక్కపోయినా చెప్పగలదు.

అలాంటి బడిలోకి ఈ ఏడు ఒక కొత్త టీచర్ ఊడిపడింది. పాతికేళ్ళు నిండాయో లేదో. ఆరో తరగతిలో ఒక సెక్షన్ ఆ అమ్మాయికిచ్చారు. ఇస్తే ఇచ్చారు, సరిగ్గా మన టీచరమ్మ కూతురున్న సెక్షనే ఇవ్వాలా! తల్లి క్లాసులో కూతురు కూర్చోకూడదన్నది హెడ్మాస్టరుగారి నియమం. అంతకుముందు ఆ నియమంతో ఆవిడకి ఏ పేచీ లేదు.

పేచీ అన్నాల దగ్గర మొదలైంది.

"అమ్మా, ఇవాళ మా టీచర్ డోడో పక్షి నడిచినట్టు నడిచి చూపించింది!" అంది కూతురు, కంచంలో చెయ్యి పెట్టడం కూడా మరిచిపోయి.

"డోడో ఎలా నడిచేదో తను చూసొచ్చిందా?"

"చూడలేదనుకో. మారిషస్‌లో డచ్చివాళ్ళు దిగినప్పుడు అక్కడ మనుషులే ఉండేవాళ్ళు కాదట. అందుకని డోడోకి మనిషంటే భయమే తెలీదట. వందేళ్ళు తిరక్కుండా ఒక్కటీ మిగల్లేదట. టీచర్ చెబుతుంటే మా క్లాసులో సగంమంది ఏడ్చేశాం."

"పోయినేడు ఇంట్లో నేను చెప్పాను కదే, ఇదే డోడో గురించి?"

"నువ్వు చెప్పావా?" అంది కూతురు. ఎగతాళికి అన్నమాట కాదు, నిజంగానే గుర్తులేదు పిల్లకి.

కళ్ళజోళ్ళ షాపు కట్టేసి వచ్చి పక్కనే తింటున్న మొగుడు కిసుక్కున నవ్వాడు. "మీ అమ్మ మొహం చూడవే. పొయ్యి మీద మూకుడు లేకుండానే చిటపటలాడిపోతోంది."

"మీరు ఊరుకోండి," అందావిడ. ఆ పూట మజ్జిగ పోసుకోకుండానే లేచిపోయింది.

అది అసూయే. పేరు మార్చి చెప్పుకోవడమెందుకు? జడ వేయించుకుంటూ కూతురు "మా టీచర్ వేసుకున్నట్టు వెయ్యమ్మా" అన్నప్పుడు దువ్వెన విరిచేయాలనిపించేంత అసూయ. స్టాఫ్‌రూములో కొత్తమ్మాయి "మేడం, టీ తాగుతారా?" అని మర్యాదగా అడిగితే, ఆ మర్యాదకి ఒళ్ళు మండేంత అసూయ. తనకీ ఒకప్పుడు క్లాసు వదిలినా వెంటపడి ప్రశ్నలడిగే పిల్లలుండేవాళ్ళు. అదంతా పోతే పోయింది. కన్నకూతురు కూడా ఆ గట్టుకి చేరిపోతే తనకింక మిగిలేదేముంది?

బడి ప్రదర్శన దగ్గరపడింది. ఒక్కో సెక్షన్ ఒక్కో దేశాన్ని తయారుచేసి తల్లిదండ్రులకి వివరించాలి. కొత్త టీచర్ మారిషస్ తీసుకుంది. సాయంత్రాలు కూతురు చేతుల నిండా జిగురు, గోళ్ళ సందున నీలంరంగు వేసుకుని ఇల్లు చేరేది. ఏం చేస్తున్నారే అంటే, "చెప్పను. రేపు చూద్దువుగాని," అని ఊరించేది.

ప్రదర్శనకి ముందురోజు, బడి వదిలాక, కూతురే చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళింది. క్లాసులో నాలుగు బల్లలు కలిపి, వాటి మీద వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టె, తొట్టెలో నీళ్ళు, నీళ్ళ మధ్య థర్మోకోల్‌తో చేసిన దీవి. గోధుమరంగు కొండలు, పచ్చకాగితం ముక్కల చెరుకు తోటలు, చెరుకు నరకడానికి ఓడల్లో తెచ్చిన కూలీల అగ్గిపుల్లల గుడిసెలు. ఒక మూల రేవు. అంచున నాలుగు దిక్కులూ రాసిన చీటీలు. ఎంత బాగుందంటే టీచరమ్మ చూపు తిప్పుకోలేకపోయింది.

మరుక్షణమే కనిపించిందావిడకి. రేవు తూర్పు పక్కనుంది.

మారిషస్ మీద గాలి వీచేదే తూర్పు, ఆగ్నేయాల నుంచి. పడమటి వైపు కొండల చాటుంటుందని, ఓడలు గాలివానకి దెబ్బతినకుండా ఉంటాయని ఫ్రెంచివాళ్ళు అక్కడ రేవు కట్టుకున్నారు. ఇక్కడ రేవొక్కటే కాదు, దీవికి దీవే అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఎలా జరిగిందో కూడా ఆవిడకి తెలిసిపోయింది. అట్లాసు మీద ట్రేసింగ్ కాగితం పెట్టి పెన్సిల్‌తో గీసి, ఆ కాగితాన్ని థర్మోకోల్ మీద బోర్లించి రుద్దారు. గీత అచ్చుపడుతుంది కాని కుడి ఎడమవుతుంది.

"మేడం, మీరొక్కసారి చూసి తప్పులుంటే చెప్పండి," అంది కొత్త టీచర్, చేతులు తుడుచుకుంటూ దగ్గరికొచ్చి. "మీ అంత తెలిసినవాళ్ళు ఇక్కడెవరూ లేరు."

టీచరమ్మ తొట్టె చుట్టూ నెమ్మదిగా తిరిగింది. మళ్ళీ రేవు దగ్గరే ఆగి వంగి చూసింది. కూతురు తల్లి మొహంలోకే చూస్తోంది.

"నాకేం కనిపించలేదమ్మా. బాగానే ఉంది," అందావిడ.

రాత్రి పడుకున్నాక కూడా ఆ మాట తలుచుకుంటే గుండెల్లో చల్లగా ఉంది. రేపు అందరి ముందూ ఎవరో ఒకరు అడుగుతారు. డోడో నడక నడిచే మహాతల్లి నీళ్ళు నములుతుంది. అప్పుడు తెలుస్తుంది పిల్లలకి, చదువంటే గెంతులెయ్యడం కాదని.

మర్నాడు క్లాసు కిటకిటలాడిపోయింది. టీచరమ్మ గుమ్మం దగ్గర, జనం వెనకాల నిలబడింది. ముందు వరసలో మొగుడు, అతని పక్కన హెడ్మాస్టరు. హెడ్మాస్టరుగారి గదిలోంచి అప్పుడే తెచ్చిన టేబుల్ ఫ్యాను "తూర్పు" అని రాసిన చీటీ దగ్గర పెట్టారు. రేవులో తెల్ల కాగితం పడవలు బారుగా ఉన్నాయి.

కొత్త టీచర్ నోరు విప్పలేదు. వెనక్కి జరిగి, ఒక పిల్లని భుజం పట్టి ముందుకి నడిపించింది. ఆ పిల్ల గ్లోబు టీచరమ్మ కూతురు.

టీచరమ్మ మునివేళ్ళ మీద లేచి చూసింది. ఇదా ఇన్నాళ్ళూ దాచింది!

కూతురు జనంలో తల్లిని వెతుక్కుని, చూసి, నవ్వింది. మొదలుపెట్టింది. డచ్చివాళ్ళూ, డోడో, ఫ్రెంచివాళ్ళూ, ఇంగ్లీషువాళ్ళూ, చెరుకూ, ఓడల్లో వచ్చిన కూలీలూ. ఒక్క తడబాటు లేదు. ఆపమని అరవాలనుకుంది తల్లి. "కొంచెం జరగండి, జరగండి," అంటూ ముందుకి తోసుకెళ్ళబోయింది, ఎవరూ జరగలేదు.

"గాలి తూర్పు నుంచి వస్తుంది. కొండలు అడ్డుకుంటాయి. అందుకే రేవులో ఓడలు కదలకుండా క్షేమంగా ఉంటాయి. చూడండి," అని కూతురు ఫ్యాను మీట నొక్కింది.

పడవలన్నీ ఒక్కసారిగా లేచి ఒడ్డుకి కొట్టుకున్నాయి. రెండు తిరగబడ్డాయి, ఒకటి ఎగిరి హెడ్మాస్టరుగారి చొక్కాకి అంటుకుంది. క్లాసంతా ఘొల్లున నవ్వింది.

కూతురు ఫ్యాను ఆపలేదు. ఏం చెయ్యాలో తెలియక పడవల్ని చేత్తో నిలబెడుతోంది, అవి మళ్ళీ పడుతున్నాయి. తలెత్తేసరికి కళ్ళనిండా నీళ్ళు.

"ఇదేమిటి, మన గ్లోబు టీచరమ్మ ఎక్కడ?" అన్నాడు హెడ్మాస్టరు. ఇప్పుడు జరిగారందరూ, దారిచ్చారు.

"దీవి తిరగబడింది సార్," అందావిడ ఫ్యాను ఆపేసి. "ట్రేసింగ్ కాగితం బోర్లించి దించారు. రేవు పడమట ఉండాలి."

"ఒక్క చూపులో పట్టేశారే!" అన్నాడాయన. ఎవరో చప్పట్లు కొట్టారు. మొగుడు కూడా కొట్టాడు.

కొత్త టీచర్ ఆవిడ వైపు చూసింది. తర్వాత జనం వైపు తిరిగి, "తప్పు నాదేనండీ. నిన్ననే మేడంకి ఒకసారి చూపించి ఉండాల్సింది, కుదర్లేదు. పాప చెప్పినదంతా సరైనదే," అంది.

కూతురు చప్పున టీచర్ వైపు చూసింది, తర్వాత తల్లి వైపు.

అందరూ పక్క క్లాసుకి కదిలిపోయాక, తడిసిన పడవల్ని ఏరుతూ అడిగింది, "నిన్న నీకు కనిపించింది కదమ్మా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. "కనిపించింది," అంది తల్లి.

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెబుతావని నాకు తెలీదే తల్లీ! మీ టీచర్ చెబుతుందనుకున్నాను."

కూతురు చేతిలో ఉన్న పడవలోంచి నీళ్ళు ఒంపేసింది.

"అందరూ టీచర్‌ని చూసి నవ్వితే పర్లేదా?" అంది.