నీళ్ళమీదున్నవాడి ముద్ద

మా అన్నయ్య పోలయ్య పదమూడేళ్ళు లోకమంతా తిరిగి వచ్చి చెప్పిందేమిటంటే, లోకం కూడా కొల్లేరులాగే ఉంటుందిట. చుట్టూ నీళ్ళు, నీళ్ళలో లంకలు, లంకల్లో కొబ్బరిచెట్లు, చెట్లకింద వలలు ఆరేసుకునే జనం. "ఆ మాత్రం చూడ్డానికి అంతదూరం పోవాలా? మన అరుగుమీద కూర్చుంటే కనపడదూ?" అన్నాన్నేను. నా నోరు అటువంటిది. దానికి సిగ్గుపడే వయసు ఎప్పుడో దాటిపోయింది.

రంగూనులో బియ్యం మిల్లు పనికని వాడు కాకినాడలో ఓడెక్కిన ఏడాదే యుద్ధం రంగూనుకొచ్చింది. మిగతావాళ్ళు అడవులబడి నడిచొచ్చారు. వీడు మాత్రం ఓ ఓడలో వంటవాడి చేతికింద చేరి ఎటో పోయాడు. ఆ ఓడ మళ్ళీ ఇటు రాలేదు. యుద్ధమయ్యాక తెల్లరంగు వేసిన చిన్న ఓడ ఒకదాంట్లో వడ్డన పనికి కుదిరాడు. టాహితి, సమోవా, టోంగా అని దక్షిణ సముద్రంలో లంకలున్నాయట. పాతికమంది దొరలూ దొరసానులూ ఆ ఓడెక్కి వాటి చుట్టూ ఊరికే తిరుగుతారట. సరుకు దించేదీ లేదు, చేప పట్టేదీ లేదు. కుర్చీల్లో కాళ్ళు చాపుకుని నిమ్మరసం తాగుతూ చూడ్డమే పని.

"ఏం చూస్తారురా?"

"వలలు ఆరేసుకునేవాళ్ళని."

"మనబోటివాళ్ళని చూడ్డానికి డబ్బులిచ్చి వస్తారా?" అని ముక్కుమీద వేలేసుకున్నాను.

యాభైనాలుగులో వానలు వెనకబట్టాక ఇల్లు చేరాడు. మా వదిన అచ్చమ్మ ఏడవలేదు, తిట్టలేదు. నేనైతే చీపురు తిరగేసేదాన్ని. ఆవిడ చెంబుతో నీళ్ళిచ్చి, అరుగుమీద చాప పరిచి, "రండి, కూర్చోండి" అంది, మునసబుగారు పన్నుల కోసం వచ్చినట్టు. అన్నం వేళకి కంచం తెచ్చి అరుగుమీద పెట్టి లోపలికి పోయేది. పడక కూడా అరుగుమీదే. నెలైనా అంతే. తిట్టే పెళ్ళాంతో కాపురం చెయ్యొచ్చు. మర్యాద చేసే పెళ్ళాంతో ఏం చేస్తాడు? పాపం, మనిషి చిక్కిపోయాడు. ఒకరోజు నా దగ్గరికొచ్చి, "గంగారత్నం, మీ వదినచేత నన్నొక్క తిట్టు తిట్టించవే" అని బతిమాలాడు.

"యుద్ధం అయిందెప్పుడు, నువ్వొచ్చిందెప్పుడు? ఇన్నేళ్ళూ ఎక్కడ చచ్చావురా అన్నయ్యా?" అని వదిన బదులు నేనే తిట్టాను. తలొంచుకున్నాడు కానీ, తిన్నది ఒంటబట్టినట్టు కనపడలేదు. నా తిట్లు వాడికి చాలవు.

వాడికి తెలియనిది ఒకటి నాకు తెలుసు. మా లంకలో మగవాడు చెరువుమీదకి పోతే, కుండలోంచి తీసిన మొదటి ముద్ద వాడి పేర పక్కన పెట్టాకే ఆడది ముద్ద ఎత్తుతుంది. నీళ్ళమీదున్నవాడి ముద్ద అంటాం దాన్ని. వాడొచ్చి తింటే సరే, లేకపోతే తెల్లారి చేపలకి వేస్తాం. ఒక పూటకో రెండు పూటలకో చేసే పని అది. మా వదిన పదమూడేళ్ళు చేసింది. దానికొక చిన్న కంచు గిన్నె ఉండేది. నేనొకసారి దాంట్లో మజ్జిగ పోసుకుంటే చేతిలోంచి లాక్కుంది. అంత కోపం ఆవిడలో నేనెప్పుడూ చూడలేదు. అయిదారేళ్ళయ్యాక పెద్దవాళ్ళు వచ్చి, "ఇంక ఆశెందుకమ్మా, బొట్టు తీసెయ్యి" అన్నారు. ఆవిడ ఆ రాత్రి కూడా ముద్ద పెట్టింది.

వాడొచ్చాక కూడా పెట్టింది! మొగుడు అరుగుమీద కూర్చుని తింటున్నాడు, లోపల ఈవిడ గిన్నెలో వాడి ముద్ద పెడుతోంది. నేను చూసి బుగ్గలు నొక్కుకున్నాను.

"వచ్చాడుగా వదినా!"

"వచ్చాడా?" అంది వదిన. ఈ సంగతి అన్నయ్యకి చెబితే పెద్దింట్లమ్మ మీద ఒట్టేనని నాచేత చేతిలో చెయ్యి వేయించుకుంది. అమ్మవారి మీద ఒట్టు తప్పే ధైర్యం నాకు లేదు. కడుపులో దాచుకుని కడుపుబ్బి చచ్చాను.

ఒకనాడు అన్నయ్య మళ్ళీ వచ్చాడు. "నాకు చేతనైన పని ఒక్కటే చెల్లాయ్, పడవెక్కిన మనిషిని సుఖపెట్టడం. మీ వదిన పుట్టి బుద్ధెరిగాక పడవలో ఎప్పుడైనా ఊరికే కూర్చుందా?"

ఆలోచించాను. లేదు. నేనూ కూర్చోలేదు. మాకు పడవంటే రోలూ రోకలీ లాంటిది, దాంట్లో సరదాగా కూర్చునేదేముంది?

"ఒక్కరోజు ఆ దొరసానుల్లాగా తిప్పుతాను. ఎక్కమని నువ్వే చెప్పాలి. ఆ రోజు కూడా నాతో మనసిచ్చి మాట్లాడకపోతే ఏలూరు పోయి ఏ కాఫీ హోటల్లోనో కప్పులు కడుక్కుంటాను. అరుగుమీద అడ్డంగా ఎన్నాళ్ళుంటాను?"

నాకు కళ్ళు చెమర్చాయి. కోపం కోపమే, తోడబుట్టినవాడు తోడబుట్టినవాడే. వదినతో చెబితే వల అల్లడం ఆపకుండానే, "నువ్వూ వస్తే వస్తాను" అంది.

పడవ మాదే. మా ఆయన వెంకట్రావు దాంతో చేపలు తోలేవాడు. అన్నయ్య దాన్ని కుంకుడురసం పోసి తోమి, ఎండబెట్టి, మళ్ళీ తోమాడు. "ఈ శుభ్రానికి చేపలు మొహం చాటేస్తాయి బావా" అని మా ఆయన గొణిగాడు. గడ వేసే పని ఆయనకి అప్పజెప్పి, కెప్టెన్ అని పేరు పెట్టాడు. అప్పటినుంచీ ఆయన మీసం కిందికి దిగలేదు. అన్నయ్య వెదురుబద్దలు వంచి పైన తెల్లపంచెలు కప్పాడు. బడి సుబ్రహ్మణ్యం మాస్టారి పడకకుర్చీ అడిగి తెచ్చాడు. ఏలూరునుంచి గోలీసోడాలూ నిమ్మకాయలూ వచ్చాయి. తెల్లారేసరికి ఇత్తడిబొత్తాల తెల్లకోటు తొడుక్కుని, ముంజేతిమీద తువ్వాలు మడతపెట్టి వేసుకుని రేవులో నిలబడ్డాడు. లంకంతా అక్కడే ఉంది.

"దయచెయ్యండి అమ్మగారూ. అక్కడ ఓడెక్కేవాళ్ళ మెడలో పూలదండ వేస్తారు" అని కలువపూల దండ ఎత్తాడు. వదిన దాన్ని చేత్తో అందుకుని, మెడలో వేసుకోకుండా కుర్చీకి తగిలించింది. కుర్చీ చివర, ధర్మాసుపత్రిలో పిలుపు కోసం కూర్చున్నట్టు కూర్చుంది. నాకు పీట వేశారు. నేను దొరసానిని కాదనుకుంటాను.

పడవ కదిలింది. ఎదురుగా తాటిదోనెలో గడ్డి వేసుకొస్తున్న సూరమ్మ, "ఏమ్మా అచ్చమ్మా, పెళ్ళికా?" అని కేకేసింది.

"పెళ్ళే! పాత పెళ్ళికొడుకే!" అని నేను కేకేశాను. వదిన నన్ను గిల్లింది.

అన్నయ్య మాత్రం నవ్వలేదు. నిటారుగా నిలబడి, చెయ్యి చాపి చూపించాడు. "ఎడమచేతివైపు గుడివాకలంక అమ్మగారూ. ఇక్కడి స్త్రీలు తుంగచాపలు అల్లుతారు. చాలా కష్టజీవులు." ఆ లంకలో ఇంటింటికీ చేపలమ్మేది మా వదినే. ఆ కష్టజీవులు ఒడ్డుకొచ్చి, కొంగు నోట్లో కుక్కుకుని నవ్వారు. "కుడిచేతివైపు గూడబాతులు. చూసి ఆనందించండి." ఆ గూడబాతులు మా వలల్లో చేపలెత్తుకుపోతే రాళ్ళతో కొట్టేవాళ్ళం. అయినా ఆ రోజు పీటా నీడా ఉండబట్టో ఏమో, అవి వరసగా నీళ్ళమీద వాలుతుంటే బాగానే ఉన్నాయనిపించింది.

నిమ్మసోడా ఇచ్చాడు. వదిన రెండు గుక్కలు తాగింది. కొంచెం వెనక్కి వాలింది కూడా. వాడి మొహం వెలిగింది.

"అక్కడి లంకలు కూడా మీరిలాగే చూపించేవారా?" అని అడిగింది. వచ్చిన నెలకి వదిన వాణ్ణి అడిగిన మొదటి ప్రశ్న అది. మా ఆయన గడ వెయ్యడం ఆపేశాడు.

కాస్త తడబడ్డాడు అన్నయ్య. "చూపించే మనిషి వేరే ఉండేవాడు. నేను వడ్డనయ్యాక లోపల కంచాలు కడిగేవాణ్ణి. ఆ గదికి గుండ్రటి కిటికీ ఒకటి ఉండేది. దాంట్లోంచి చూసేవాణ్ణి."

"ఓహో, ఇన్నాళ్ళూ మాకు చెప్పిందంతా ఆ కన్నంలోంచి చూసిందా!" అన్నాను. వదిన నా వంక చూసింది, నోరుమూసుకున్నాను.

కొల్లేటికోట దాటాక కిక్కిస పొదల నీడన పడవ ఆపారు. అన్నయ్య వెనకవైపు కుంపటిమీద అన్నం, కొరమీను పులుసు వండాడు. తామరాకు పరిచి, కడిగి, వడ్డించి, నాలుగడుగులు వెనక్కి వేసి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మీరో?" అంది వదిన.

"ఓడ రూలు అమ్మగారూ. ఎక్కినవాళ్ళు తిన్నాకే వడ్డించినవాడు తినాలి. అదీ నిలబడి, లోపల, ఒక్కడూ."

మొగుడికంటే ముందు వదిన ఎప్పుడు తింది కనక! అన్నంలో చెయ్యి పెట్టి కలుపుతోందే గాని నోటికెత్తదు. తన వంట నచ్చలేదనుకున్నాడేమో, మా అన్నయ్య తువ్వాలు నలుపుకుంటూ నీళ్ళవైపు తిరిగాడు. ఏలూరు కప్పులు వాడి కళ్ళముందు ఆడుతున్నాయని నాకు తెలిసిపోయింది.

అప్పుడు వదిన కలిపిన అన్నంలోంచి ముద్ద చేసి ఆకు అంచున పెట్టింది. తెలిసి పెట్టలేదు. పదమూడేళ్ళ అలవాటు, చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. పెట్టి, రెండో ముద్ద నోటిదాకా తీసుకెళ్ళి, ఆగిపోయింది. ఆకు మీద కొంగు కప్పబోయింది.

అన్నయ్య ఇటు తిరిగి చూశాడు. మా అమ్మ పెట్టగా చూసిన ముద్దే అది.

"ఎవరి పేర అచ్చమ్మా?" అన్నాడు. అమ్మగారు అనడం మరిచిపోయాడు. "నీళ్ళమీద మనవాళ్ళెవరున్నారు?"

వదిన తల వంచుకుని ఆకు అంచున రాలిన మెతుకులు ఏరింది.

"ఇదివరకు కూడా పెట్టావా?"

వాడు నావైపు తిరిగాడు. నామీద ఒట్టుంది, నోరెత్తకూడదు. తల ఊపకూడదని మాత్రం ఎవరూ అనలేదు. ఊపాను.

"రోజూనా?"

ఊపాను. కళ్ళనీళ్ళు టపటపా రాలిపోయాయి నాకు.

వాడు కోటుతో సహా పడవలో చతికిలబడ్డాడు. "యుద్ధం అయిపోగానే రాగలిగేవాణ్ణి" అన్నాడు. "ఎవరూ ఆపలేదు. అక్కడ బాగుంది, ఉండిపోయాను. వచ్చే ఏడాది వెళదాం, వచ్చే ఏడాది వెళదాం అనుకున్నాను. అంతే అచ్చమ్మా, ఇంకే కారణమూ లేదు."

"నాకు తెలుసు" అంది వదిన. "బతికుంటే బాగుండే ఉంటారనీ, బాగుండబట్టే రావట్లేదనీ అనుకునేదాన్ని. అనుకుంటూనే పెట్టేదాన్ని. తిడదామంటే, మీ పేర ముద్ద పెడుతూ ఎలా..." ఎన్నేళ్ళ ఏడుపో, అంతా అప్పుడే వచ్చింది. అన్నయ్య తువ్వాలు అందించబోతే దాన్ని లాగి వాడి మొహాన కొట్టింది. "బతికున్నానని ఒక్క ముక్క చెప్పి పంపించలేకపోయారా! మీకు నోరు పడిపోయిందా?" అంది.

వాడికి కావలసిన తిట్టు దొరికింది. ఆ మొహం చూస్తే పండగ చేసుకుంటున్నాడనుకోవాలి, కళ్ళవెంట మాత్రం నీళ్ళు.

వదిన కళ్ళు తుడుచుకుని ఆకును వాడి ముందుకి తోసింది. "తినండి, చల్లారిపోతుంది." వాడు ఆకు అంచునున్న ముద్ద తిన్నాడు. మింగేదాకా ఆవిడ చూస్తూనే ఉంది. అప్పుడు అదే ఆకులోంచి తానూ ముద్ద ఎత్తింది. "పులుసులో చింతపండు ఎక్కువైంది" అంది.

నాకూ మా ఆయనకీ వడ్డించాలని ఎవరికీ తోచలేదు. మేమే పెట్టుకు తిన్నాం. పులుసులో చింతపండు నిజంగానే ఎక్కువైంది.

తిరుగుప్రయాణంలో వదిన పడకకుర్చీలో కాళ్ళు చాపుకుని నిద్రపోయింది, నోరు కొంచెం తెరుచుకుని. అన్నయ్య ఆవిడ పక్కనే కింద కూర్చుని, ఎండ పడకుండా తెల్లపంచె సర్దుతూ వచ్చాడు. గుడివాకలంక పక్కనించే వచ్చినా కష్టజీవుల సంగతి ఎత్తలేదు.

మర్నాడు వాళ్ళింటికి వెళితే అరుగుమీద చాప లేదు. వంటింట్లో పొయ్యి దగ్గర వదిన చేపలు తోముతోంది.

"ఆ ఉప్పు ఇలా అందుకో" అంది.

ఎక్కడని చూశాను. కంచు గిన్నెలో ఉంది.