తడిరాయి మీద ఒక్క దెబ్బ

నేను ఒక సుత్తిని. గద్వాల దగ్గర ఒక కమ్మరి కొలిమిలో, విరిగిన లారీ ఇరుసు ముక్క నుంచి పుట్టాను. ఇప్పటికి నా పిడి ఆరుసార్లు మారింది. అయినా తిప్పన్నకు నేను ఆ పాత సుత్తినే. తన తల నెరిస్తే మాత్రం, అద్దంలో ఉన్నది తనేనా అని అనుమానపడతాడు. మనుషుల తీరే అంత.

వల్లెపు తిప్పన్నది రాయి కొట్టే వంశం. పెళ్లయిన ఏడాదే భార్య జమ్ములమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని ముంబై శివారులోని ఒక క్వారీకి వలస వచ్చాడు. ముప్పై నాలుగేళ్లు అతను నల్లరాయి పగలగొడితే, ఆమె ఎదురుగా కూర్చుని ముక్కలు గంపకెత్తింది. నేను పడ్డప్పుడల్లా దుమ్ము లేచేది. అది ఎక్కడికి పోతోందో మా ముగ్గురిలో ఎవరమూ ఆలోచించలేదు.

పోయిన చలికాలం డాక్టరు చెప్పాడు. జమ్ములమ్మ ఊపిరితిత్తుల నిండా రాతిపొడేనట, ఇక మందు లేదట. తిప్పన్న ఇంటికొచ్చి నావైపు చాలాసేపు చూశాడు. ఆ దుమ్ము లేపింది నేనే. నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది.

ఏం కావాలో చెప్పమంటే ఆమె ఒకటే అడిగింది. "కొంకణం దిక్కు మన నల్లరాయి సముద్రంల కాళ్లు పెట్టుకొని కూసున్నదట. లారీ డ్రైవర్ జెప్పిండు. ఒక్కపారి సూస్తనయ్యా."

ఒక ఆదివారం తెల్లవారుజామునే యాత్రల బస్సెక్కారు. సంచిలో జొన్నరొట్టెల కింద నేనూ ఉన్నాను. నేను లేకుండా గడప దాటడం తిప్పన్నకు చేతకాదు. తీరం చేరాక బస్సు గైడు చెప్పాడు, ఈ రాయంతా ఒకనాడు భూమి కడుపులోంచి కరిగి పారిన నిప్పేనని.

"అట్లయితే మనం ఇన్నేండ్లు అగ్గిని కొట్టినమా?" అన్నాడు తిప్పన్న. జమ్ములమ్మ నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక అలల అంచున రాయి మీద కూర్చుని, అరచేత్తో దాన్ని నిమిరింది.

"ఒక్క దెబ్బ కొట్టయ్యా. ఆ సప్పుడు లేక నిద్ర పడ్తలేదు."

"వద్దు. దుమ్ము లేస్తది."

"అల రానియ్యి. తడిరాయికి దుమ్మేడ లేస్తది?"

అల వచ్చింది, పోయింది. తిప్పన్న నన్ను ఎత్తి ఒక్క దెబ్బ వేశాడు. రాయి ఖంగుమంది. ఆమె కళ్లు మూసుకుని వింది. తిప్పన్న మాత్రం దెబ్బ పడ్డచోటునే చూస్తున్నాడు. చిటికెడు దుమ్ము కూడా లేవలేదు.

క్వారీకి ట్యాంకరు రెండు రోజులకోసారి వచ్చేది. ఆ నీళ్లు తాగడానికే చాలేవి కావు. కొట్టేముందు రాయి మీద రెండు చెంబులు పోయాలని మాకు తోచలేదు. తెలిసినవాళ్లు చెప్పలేదు. తిప్పన్న అక్కడే కూలబడి, సముద్రాన్ని చూస్తూ ఏడ్చాడు.

"నువ్వేం జేస్తవ్. మనకు తాగనీకే లేకుండె," అంది జమ్ములమ్మ, కొంగుతో అతని ముఖం తుడుస్తూ.

తొలకరికి ముందే ఆమె పోయింది. తిప్పన్న మళ్లీ రాయి ముట్టలేదు. దసరాకు నాకు పసుపు, కుంకుమ పెట్టి, ఎప్పుడూ లేనిది, ఒక చెంబెడు నీళ్లు పోశాడు. ఇప్పుడు రోజూ పొద్దున్నే పోస్తున్నాడు. ఇనుముకు నీళ్లు పడవని అతనికి తెలియక కాదు. నాకు తుప్పు పడుతోంది. పట్టనీ.