వాల్వులు వేడెక్కేదాకా

దేవదాసు ఎడమ చెయ్యి ప్యాంటు జేబులో పెట్టుకుని, కుడి చేత్తో మీటరు తీగ మొనను కెపాసిటరు కాలికి ఆనించాడు. పాడైన టీవీ బోర్డుల నుంచి ఊడదీసినవి బల్ల నిండా ఉన్నాయి. మంచివి డబ్బాలోకి, ఉబ్బినవి బకెట్లోకి. పాతకాలపు సెట్లకు కొత్త సామాను ఆదోనిలో దొరకదు. ఎక్కడినుంచో తెప్పించుకునే స్తోమత ఆయన దగ్గరికి వచ్చేవాళ్లకు లేదు. చచ్చిన టీవీలోంచి తీసింది ఏదో ఒక రేడియోను బతికిస్తుంది. ముప్ఫై ఏళ్లుగా ఆయన బతుకూ దాని మీదే.

ఒక చెయ్యి జేబులో ఉంటే కరెంటు గుండెలోంచి పోదని, సినిమా హాలు క్యాబిన్‌లో పని నేర్పినాయన చెప్పాడు. మూడు నెలల కింద దేవదాసు ఆ మాట మరిచి, ఒక పాత గాజు వాల్వుల ఆంప్లిఫయరులో రెండు చేతులూ పెట్టాడు. ప్లగ్గు తీసే ఉంది. కెపాసిటరులో నిలిచిపోయిన కరెంటు చాలింది. కళ్లు తెరిచేసరికి గోడకు జారగిలబడి ఉన్నాడు. నోట్లో ఇనుము రుచి. ఎంతసేపు అలా ఉన్నాడో తెలియదు. భార్య రూతుకు చెప్పలేదు. వాల్వు సెట్టు ఎవరు తెచ్చినా సామాను లేదని తిప్పి పంపుతున్నాడు.

ఫోన్ మోగింది. ఎమ్మిగనూరు నుంచి హజరా బీ.

"మీ మామ రేడియో రేడియో అంటాండాడప్పా. నాలుగు దినాలాయె, మెతుకు ముట్టల్యా. ఒక్కసారి వచ్చిపోరాదా?"

సామాను లేదందామని నోరు తెరిచాడు. డబ్బా కళ్లెదుటే ఉంది.

"వస్తా అత్తా," అన్నాడు.

ఆమె భర్త ఇమాం సాబ్ మగ్గం నేసేవాడు. సినిమా హాలు మూతపడి దేవదాసు ఖాళీగా తిరుగుతున్న రోజుల్లో, నమ్మి మొదటి సెట్టు చేతిలో పెట్టింది ఆయనే. మగ్గాలవాళ్లందరికీ "మా దేవదాసు" అని చెప్పిందీ ఆయనే.

ఎమ్మిగనూరు బస్సెక్కాడు. రెండు చోట్ల దిగిపోదామనుకున్నాడు. దిగితే హజరా బీకి ఏం చెప్పాలో తోచక కూర్చుండిపోయాడు.

మగ్గం అమ్మేశాక పూడ్చిన గుంట మీదే ఇమాం సాబ్ మంచం ఉంది. అక్కడి మట్టి ఇంకా వేరే రంగులో కనిపిస్తోంది. దుప్పటి కింద మనిషి ఉన్నాడో లేడో అన్నట్టున్నాడు. కళ్లు మాత్రం దేవదాసును గుర్తుపట్టాయి.

"వచ్చినావా? ఇంగ మాట్లాడుతాది."

"లోపల బ్లూటూత్ బోర్డు గూడా పెడతా మామా. ఫోన్‌లో పాటలు దీంట్లో వస్తాయి."

"నాకెందుకప్పా? అది ముందు మాదిరి పలికితే సాలు."

గూట్లోని రేడియోను దించి, మంచం పక్కన స్టూలు మీద వెనక్కి తిప్పి పెట్టి, వెనక అట్ట మరలు విప్పాడు. రెండేళ్లుగా ప్లగ్గు పెట్టని సెట్టు అది. లోపల కరెంటు ఉండదని ఆయనకు తెలుసు.  వాల్వుల మీద మందంగా దుమ్ము. పెద్ద కెపాసిటరు అడుగున మైనం కారి గడ్డకట్టింది. తెలిసినా వేళ్లు దగ్గరికి పోయి ఆగిపోయాయి.

"ఏమప్పా, కనపడల్యా?" ఇమాం సాబ్ దిండు కింద తడిమి టార్చి తీశాడు. రొమ్ము మీద ఆనించుకుని వెలుగు లోపలికి వేశాడు.

"భయమైతాంది మామా." ఆ మాట ఎలా బయటికొచ్చిందో దేవదాసుకే తెలియలేదు. "మొన్న షాకు కొట్టింది. చచ్చిపోయినాననుకున్యా. ఇంట్లో చెప్పల్యా."

ఇమాం సాబ్ చాలాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"నాగ్గూడా భయమేలే," అన్నాడు. "చెయ్, నేను వెలుగు పడతా."

దేవదాసు చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. ఒంటి చేత్తో పాతది కత్తిరించి, టీవీదాన్ని ఇరికించి, టంకం వేశాడు. రెండుసార్లు టంకం జారింది. వెలుగు మాత్రం కదలలేదు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. వాల్వులు వేడెక్కేదాకా ఈ సెట్టు మాట్లాడదు. గాజు లోపల తీగలు నెమ్మదిగా ఎర్రబడసాగాయి. టార్చి వెలుగు వాల్వుల మీది నుంచి స్టూలు మీదికి, నేల మీదికి జారింది.

"కొంచెం పైకి పట్టు మామా."

గుర్రుమన్న శబ్దం సన్నగా మొదలై పోయింది. వేరుశనగ విత్తనశుద్ధి గురించి ఎవరో స్పష్టంగా చెబుతున్నారు.

"ఇనిపిస్తాందా?" అంటూ తిరిగాడు.

ఇమాం సాబ్ కళ్లు సగం మూసి ఉన్నాయి. దుప్పటి లేవడం లేదు.

వంటింట్లోంచి హజరా బీ నవ్వుతూ వచ్చింది. "యా అల్లా! మాట్లాడతాందే!"

దేవదాసు లేచి నిలబడ్డాడు. షాకు కొట్టిననాడు కూడా ఇంత భయం లేదు.  ఆమె దేవదాసు మొహం చూసింది, తర్వాత మంచం వైపు చూసింది.

గడియలో ఇల్లు నిండింది. ఇమాం సాబ్ తమ్ముడి కొడుకు తాహెర్ వచ్చి ప్లగ్గు పీకేశాడు. అరుస్తున్న పెట్టె నోరు మూసుకుంది కాబట్టి ఇక దాన్నెవరూ పట్టించుకోలేదు. దేవదాసుకు ఒక్కడికే తెలుసు, తాను వేసిన కెపాసిటరులో కరెంటు ఇంకా నిండుగా ఉందని. తాహెర్ కూతురు ఖుష్బూ, నాలుగేళ్లది, ఏడుపుల మధ్య నుంచి జారి వచ్చి గాజు బుడ్ల ముందు గొంతుక్కూర్చుంది. వేలు చాపింది.

దేవదాసు పిల్లను చంకలోకి లాక్కుని తాహెర్ చేతికిచ్చాడు. తిరిగొచ్చి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవరు తీశాడు. కళ్లు మూసుకోవాలనిపించింది, మూసుకోలేదు. కెపాసిటరు రెండు కాళ్ల మీదా స్క్రూడ్రైవరు ఇనుమును అడ్డంగా పెట్టాడు. ఠప్పుమని నీలంగా మెరిసింది. ఆ ఏడుపుల్లో ఎవరూ తిరిగి చూడలేదు. మళ్లీ పెట్టాడు. ఈసారి మెరుపు లేదు, కెపాసిటరు ఖాళీ.

 తర్వాత హజరా బీ దగ్గరికి వెళ్లి చేతులు జోడించి, సంచీ తీసుకుని బయటికొచ్చాడు. గుమ్మం పక్కన నిలబడి రూతుకు ఫోన్ చేశాడు.

"నీతో ఒకటి చెప్పల్ల," అన్నాడు. 

"యాడుండావు? ఏమాయె?"

మూడు నెలల కింద షాకు కొట్టిన దగ్గర్నుంచి చెప్పడం మొదలుపెట్టాడు.

లోపల మనుషులు అటూ ఇటూ జరిగి మంచానికి దారి చేస్తున్నారు. బిగించడం మరిచిపోయిన రేడియో వెనక అట్ట గోడకు ఆనించి ఉంది, దాని నాలుగు మరలు పక్కనే ఒక సాసరులో ఉన్నాయి.