దోసిలి నీళ్లు, ఊరంత వాన

…కాదు, గర్వమని కూడా అనలేను. రోజంతా ఆకాశం వైపు నోరు తెరుచుకుని నిలబడటమే ఉద్యోగమైనవాడికి గర్వం ఎక్కడ అంటుతుంది? కానీ ఆ ఉదయం షాహీన అనే అమ్మాయి నా చుట్టూ తిరుగుతూ సెల్‌ఫోనుతో ఫొటోలు తీస్తుంటే లోపల ఏదో గిలిగింత పెట్టిన మాట నిజం. నేను ఒక వానమాపకాన్ని. పైన గరాటు, అడుగున సీసా, మధ్యలో బోలెడంత తీరిక. తీరిక ఉన్నవాళ్లే తమ మనసును తాము తవ్వుకుంటూ కూర్చుంటారు.

నేను పుణెలో ఒక కార్ఖానాలో తయారయ్యాను. మొదట నన్ను ఒక ఇరిగేషన్ బంగళా తోటలో నిలబెట్టారు. అక్కడి ఇంజనీరు చినుకు పడితే చాలు, వచ్చి నా పక్కన నిలబడి నాకూ గొడుగు పట్టేవాడు. నా పని ఏమిటో ఆయనకు తెలియక కాదు. పక్కనున్నవాణ్ణి తడవనిచ్చే స్వభావం కాదు ఆయనది. మనుషుల ప్రేమకు నా ఉద్యోగంతో ఎప్పుడూ పొసగదు.

తర్వాత నన్ను అనంతపురం వైపు ఒక చిన్న పట్టణానికి, మండలాఫీసు ఆవరణలోకి మార్చారు. అటెండరు నారప్ప రోజూ పొద్దున నా సీసాలో నీళ్లు కొలిచి అంకె చెప్పేవాడు. ఆ అంకె కంప్యూటరులోకి, అక్కడి నుంచి యూనివర్సిటీకి, చివరికి షాహీన పిహెచ్‌డీలోకి చేరింది. ఆమె పరిశోధనలో ఉన్నది ఒకే ప్రశ్న. ముందు ముందు రాబోయే కరువుల్లో ఈ పట్టణానికి నీళ్లిచ్చే చెరువు ఎండిపోతుందా?

ఎండదని తేలింది. ఎంత గడ్డు ఏడాదిలోనైనా నడుమ నడుమ ఒక మంచి వాన పడుతూనే వచ్చిందని నా అంకెలు చెప్పాయి. షాహీన ముందుగా పంపిన ఆ మాట పట్టుకుని మునిసిపాలిటీవాళ్లు నది నుంచి పైపులైను తెచ్చే ఆలోచనను పక్కన పెట్టేశారు. థీసిస్ ప్రింటుకు వెళ్లబోతోంది. అట్ట మీద వేయడానికి నా బొమ్మ కావాలని ఆమె స్వయంగా వచ్చింది.

అప్పుడే గేటు దగ్గర టీ బంకు నడిపే ఓబుళమ్మ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. నాకు పసుపు రాసి బొట్టు పెట్టారు. తలా ఒక దోసిలి నీళ్లు నా గరాటులో పోసి దండం పెట్టుకున్నారు. వానలు ముఖం చాటేసినప్పుడల్లా వాళ్లు చేసే పనే ఇది. నా మూతి ఇంత చిన్నది. అందులో దోసిలి నీళ్లు పడితే ఊరంతా ఒక జల్లు పడినట్టు లెక్క. అయిదుగురు పోస్తే అది మంచి వానే. ఎండ ముదిరేకొద్దీ భక్తి ముదిరేది, భక్తి ముదిరేకొద్దీ నా లెక్కలో వాన పెరిగేది. నారప్ప చూడలేదా అంటే, చూశాడు. సీసాలో ఉన్నది కొలవడం తన పని, అది ఎక్కడిదని అడగడం కాదు. నేనూ అంతే.

షాహీన ఫోను కిందికి దించింది.

“ఎన్నేళ్ల నుంచి పోస్తున్నారు, అవ్వా?”

“మా అత్త పోస్తాండె, ఇప్పుడు నేను. నోరు తెర్సుకోని పైకి చూస్తా ఉంటాది గదా పాపా. ఏమీ పోయకుండా ఎట్ల పోతాం?”

షాహీన అక్కడే గట్టు మీద కూలబడింది. ఆమె లోపల ఏం జరుగుతోందో నాకు తెలుసు. గరాటులాంటి వాడికి మనుషుల మనసు త్వరగా దిగుతుంది. ఒక గొంతు, ఎవరికీ తెలియదులే, అంటోంది. ఇంకోటి, డిగ్రీ వచ్చాక సరిదిద్దుకోవచ్చు, అంటోంది. మూడోది ఇంకా మర్యాదస్తురాలు, చుట్టుపక్కల మాపకాలతో సగటు తీసేయమంటోంది. ఈలోగా గైడు ఫోను చేశాడు. ఫొటో పంపావా అని కాబోలు. ఆమె ఎత్తలేదు.

కాసేపటికి ఓబుళమ్మకు విషయం మెల్లగా విడమరిచి చెప్పింది. మీరు పోసిన నీళ్లు వానలుగా లెక్కకెక్కాయి, అందుకే చెరువు ఎండదని తేలింది, అందుకే పైపులైను ఆగింది.

ఓబుళమ్మ కొంగుతో చేతుల తడి తుడుచుకుంది.

“మేం పోసిందే మాకు అడ్డం పడ్యా?”

షాహీన అవునన్నట్టు తల ఊపింది.

“సరే, మాకు జెప్తివి. ఆ రాసినోళ్లకు జెప్పినావా?”

“రాసింది నేనే, అవ్వా.”

“అట్లయితే ఇంగా సులువు గదా.”

ఆడవాళ్లు నవ్వుకుంటూ బంకు వైపు వెళ్లిపోయారు. షాహీన నా మీది పసుపును చూస్తూ ఉండిపోయింది. ఇన్నేళ్ల చదువు, మళ్లీ మొదటి నుంచి లెక్కలు, గైడు కోపం, మునిసిపాలిటీ మొహాలు, ఒక్కొక్కటీ ఆమె కళ్ల ముందు వచ్చి కూర్చుని లేచి వెళ్లినట్టున్నాయి. మూడుసార్లు ఫోను తీసి మళ్లీ సంచిలో పడేసింది. నాలుగోసారి తీసి, చెవికి ఆనించుకుంది.

“సార్,” అంది, “థీసిస్ ప్రింటుకు పంపకండి. ఆ వానలు పడలేదు.”